చాప ఎత్తమని ఎవరన్నారు?

తలీలాగికి ముక్కు మీద కోపం అని వైలోటో ఊరంతా అంటుంది. అనేవాళ్ళకేం, నోరుంటే చాలు. ఆ కోపం వెనకాల ఏముందో కనుక్కున్న మహానుభావుడు మాత్రం సవాయీ దీవి మొత్తం వెతికినా ఒక్కడు దొరకడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా సన్నచాపలు నేస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకు దేవుడి కథలు చెబుతోంది. రెండూ ఓర్పుతో చేసే పనులే కదా, మరి అంత కోపిష్టిది ఎలా చేసిందయ్యా అని అడిగితే నీళ్ళు నములుతారు.

సన్నచాప అంటే పరుచుకుని పడుకునేది కాదు. మొగలి ఆకుకు ముళ్ళు తీసి, ఉడకబెట్టి, సముద్రంలో నానేసి, ఒడ్డున ఎండలో తెల్లబరిచి, దారంలా సన్నగా చీల్చి నేస్తారు. గుడ్డలాగే మడతపడుతుంది. అంచుకు ఎర్ర ఈకలు కుడతారు. ఒక్కోటి పూర్తవడానికి మూడేళ్ళు కూడా పడుతుంది. పెళ్ళికి ఇస్తారు, చావుకు ఇస్తారు, ఒకరికి ఇంటి పెద్దరికం కట్టబెట్టినప్పుడు ఇస్తారు. అందుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకో పెళ్ళికో ఇంకో చావుకో ఇచ్చేస్తారు. అలా ఊళ్ళు పట్టుకు తిరుగుతుంది. నేసినావిడ కంటికి మళ్ళీ కనబడేది నూటికో కోటికో ఒకటి.

ఇక కథలంటారా, ఆమె చెప్పే తీరే వేరు. అన్నలందరూ కలిసి తమ్ముణ్ణి గోతిలో తోసేసిన కథ చెబుతూ చెబుతూ ఆగిపోయేది. "తోసేసి, అక్కడే కూర్చుని అన్నం తిన్నారు, రాసుంది చూడండి. ఎలా దిగిందర్రా ఆ ముద్ద?" అని పిల్లల్నే నిలదీసేది, వాళ్ళే తోసినట్టు. ఆస్తంతా తగలేసి వచ్చిన చిన్నకొడుకును తండ్రి ఎదురెళ్ళి కావలించుకున్న కథలో అయితే మరీనూ. "సరే, పంది కోశారు, పాటలు పెట్టారు. పొలంలో ఉన్న పెద్దోడికి ఒక్క కబురు పంపడానికి మనిషి దొరకలేదా?" అనేది. అక్కడ కోసింది పంది కాదు, దూడ అని పాస్టరుగారు సర్దబోతే, "ఏదైతేనేం, తిన్నారుగా" అని మూతి తిప్పుకునేది. పాస్టరుగారు నవ్వేసేవాడు. అప్పట్లో అది సరదా.

జూలైతో ఆ సరదా పోయింది. ఆ నెలలో ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎలీసాలాను రోడ్డు మీద ట్రక్కు గుద్దేసింది. ఇరవై ఏడేళ్ళవాడు. ట్రక్కు నడిపింది పక్క ఊరి సెమో, వాడికీ దాదాపు అంతే వయసు. పెదనాన్న గారింట్లో విందుకు సామాను తీసుకెళ్తున్నాడు, రెండు బీర్లు తాగి ఉన్నాడు, వాన మొదలైంది. అంతే. చెప్పుకుంటే ఇంత చిన్న సంగతి.

ఎలీసాలా ఆ పూట రోడ్డెందుకు దాటాడో మాత్రం తలీలాగి ఎవరికీ చెప్పలేదు. ఒడ్డున ఆరబెట్టిన ఆకును మబ్బు పట్టకముందే చుట్టేసి తెచ్చుకోవాలి. నలభై ఏళ్ళుగా తప్పని పని. ఆ రోజు కబుర్లలో పడి మరిచిపోయింది. చినుకు పడగానే, కాఫీ తాగుతున్న కొడుకు మీద అరిచింది. "కూర్చున్నావా ఇంకా? పరిగెత్తు! ఆకు తడిసిందో, చెప్తా నీ పని!" వాడు కప్పు కింద పెట్టి పరిగెత్తాడు. అవే ఆఖరి మాటలు. తల్లి కొడుకుతో అన్న ఆఖరి మాటలు.

మూడో రోజు తెల్లవారేసరికి సెమో పెదనాన్న వచ్చాడు. మన దగ్గర దాన్ని ఇఫోగా అంటారు. తప్పు చేసినవాళ్ళ ఇంటి పెద్ద, నష్టపోయినవాళ్ళ వాకిట్లో నేల మీద కూర్చుని తల మీదుగా సన్నచాప కప్పుకుంటాడు. ఇంట్లోవాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండైనా వానైనా అలా ఉండాల్సిందే. తలీలాగి వెనకింట్లో శవానికి కొబ్బరినూనె రాస్తోంది. ముందింట్లో ఆమె తమ్ముడు ఉన్నాడు. వాడే ఇంటి పెద్ద. పెద్దరికం పేరు తఫావిలి, ఊరంతా అలాగే పిలుస్తారు. తలీలాగికి ఒళ్ళు మండినప్పుడు మాత్రం వాడు చిన్నప్పటి లోసీయే. ఎండ కొబ్బరిచెట్ల మీదికి రాకముందే లోసీ గబగబా వెళ్ళి చాప ఎత్తేశాడు. పెదనాన్నను పైకి లేపి కావలించుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశాడు. తలీలాగి చేతులు తుడుచుకుని బయటికొచ్చేసరికి అందరూ కోకో తాగుతున్నారు.

"ఎత్తేశావా?" అంది.

"ఎత్తానక్కా. డెబ్బై ఏళ్ళాయన, నేల మీద కూర్చుంటే ఎలా చూడను?"

"నన్నడిగావా?"

"నువ్వు లోపల ఏడుస్తున్నావు. ఆ స్థితిలో ఏం అడుగుతాను చెప్పు!"

"ఏడిస్తే చెవులు పోతాయా లోసీ? నాకు ఏడుపొచ్చింది గానీ చెవుడు రాలేదే!"

అక్క మాట దాటితే తమ్ముడి వంశానికి మంచిది కాదని తాతల నాటి నుంచీ భయం. అక్క ముందు గొంతెత్తి మాట్లాడరు, అక్క కూర్చున్న చోటు నుంచి నడిచిపోరు. విందులో మొదటి ముద్ద అక్కకే. ఇన్ని మర్యాదలు చేసే తమ్ముడు, ఆమె కడుపుకోతను ఆమెను అడక్కుండా తీర్మానం చేసేశాడు. తగలెయ్యనా ఆ మర్యాదలు!

అక్కడితో అయిందా? కోర్టులో కూడా లోసీ తెల్ల చొక్కా వేసుకుని నిలబడి, "మా ఇల్లు క్షమించిందండి" అన్నాడు. ఇల్లట, ఇల్లు! గోడలు కూడా లేని ఇల్లు, నాలుగు స్తంభాలు వెళ్ళి క్షమించొచ్చాయి కాబోలు. చాప ఎత్తారని తెలిశాక జడ్జి శిక్ష తగ్గించాడు. సెమో ఆర్నెల్లు రోడ్డు పక్క గడ్డి కోస్తే చాలట. కొడుకు పోయిన రోడ్డే.

ఆ తర్వాత పరామర్శలు. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ఒక కథ. ఆమె ఎవరికి నేర్పిందో వాళ్ళే వచ్చి ఆమెకు అప్పజెప్పడం. గోతిలో తోసిన అన్నల్ని తమ్ముడు క్షమించలేదా అని ఒకతె. ఇల్లొదిలిన కొడుకును తండ్రి మన్నించలేదా అని ఇంకొకతె. అందరికన్నా మించి పాస్టరుగారి భార్య. తండ్రి కొడుకును కొండ మీదికి తీసుకెళ్ళి బలివ్వబోయిన కథ ఎత్తుకుంది. "దేవుడు అడిగితే కన్నకొడుకునే ఇవ్వడానికి సిద్ధపడ్డాడు తల్లీ. నువ్వు కోపమన్నా ఇవ్వలేవా?" అంది.

తలీలాగి చేతిలో మొగలాకు చీల్చే గవ్వ ఉంది. దాన్ని పక్కన పెట్టింది.

"ఆ కొడుక్కి తల్లి ఉందా లేదా?"

"ఉంది కదా. ముసలితనంలో కన్నది."

"పొద్దున్నే లేచి గాడిదకు జీను కట్టారు, కట్టెలు కొట్టారు, కత్తి తీసుకున్నారు. ఇద్దరు పనివాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళారు. ఇంత హడావిడి జరుగుతుంటే ఆవిడ ఎక్కడుంది?"

పాస్టరుగారి భార్య బిక్కమొహం వేసింది. "అది రాయలేదమ్మా."

"రాయలేదు! పనివాళ్ళకు చెప్పారు, గాడిదకు కూడా తెలిసింది. కన్నదానికి మాత్రం చెప్పలేదు. మూడు రోజుల దారి పోయి, కత్తి ఎత్తి, దించి, తిరిగొచ్చారు. అప్పుడన్నా చెప్పారో లేదో. ఇంక మీరు లేవండమ్మా, ఆకు ఆరిపోతోంది."

సెప్టెంబరు చివర లోసీ భార్య ఇంట్లోని సన్నచాపలన్నీ ఎండకు వేసింది. కొత్త గుడి ప్రారంభానికి ఒకటి పాస్టరుగారికి ఇవ్వాలి. ఇఫోగా నాడు వచ్చిన చాపే అన్నిట్లోకీ పెద్దది, మెత్తటిది. "ఇదే ఇద్దాం వదినా, పరువుగా ఉంటుంది" అంటూ తలీలాగి ముందు పరిచింది. తలీలాగి అలవాటుగా అంచు పట్టుకుని వేళ్ళతో తడిమింది. ఎడమ మూలకు జానెడు లోపల ఆమె వేలు ఆగిపోయింది.

అక్కడ ఒక వరస వంకరగా ఉంది.

ఇరవై అయిదేళ్ళ కిందట, రెండేళ్ళ ఎలీసాలా బుడిబుడి అడుగులతో వచ్చి, నేస్తున్న పట్టీలు రెండు చేతులా పట్టి లాగేశాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటేసింది. వాడు ఏడవలేదు, నవ్వాడు. ఆ వరస విప్పి మళ్ళీ నేస్తే నాలుగు రోజుల పని. తోటి నేతగత్తెలంతా విప్పమన్నారు. ఆమె విప్పలేదు. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయింది, ఇప్పుడూ చెప్పలేదు. ఆ చాప ఆమె భర్త మేనత్త చావుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో, ఎన్ని చావులు చూసిందో, చివరికి ఆ పిల్లాణ్ణి చంపినవాడి పెదనాన్న నెత్తిన ఎక్కి వాకిట్లోకి వచ్చింది. తల్లి బయటికి వచ్చి ఎత్తి ఉంటే ఆ క్షణమే వేళ్ళకు తెలిసేది.

చాప మడిచి చంకలో పెట్టుకుంది.

"వదినా, అది పాస్టరుగారికి..."

"పాస్టరుగారికి నీ పెళ్ళి చాప ఇచ్చుకో. ఇది నాది."

లోసీ సాయంత్రం వచ్చాడు, పాస్టరుగారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని. "అక్కా, అది ఇంటి చాప. ఇంటికొచ్చిన మర్యాద."

"మర్యాద నీకొచ్చింది, ఉంచుకో. చాప నా వేళ్ళది. దీని మీద చెయ్యి వేశావంటే, నిన్నెత్తుకు పెంచిన అక్కను, చెబుతున్నా, నోరు తెరిచి శపిస్తా." లోసీ మొహం పాలిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అక్టోబరులో తెల్ల ఆదివారం. ఏడాదికోసారి ఊరు మొత్తం పిల్లలదే. తెల్లబట్టలు, తెల్ల పూలు, గుడిలో ముందు బల్లలు వాళ్ళవి. వాక్యాలు అప్పజెబుతారు, దేవుడి కథలు ఆడతారు. గుడి అయ్యాక పిల్లలు తిన్న తర్వాతే పెద్దలకు పెట్టడం. ముప్పై ఏళ్ళుగా ఆ నాటకాలు ఆడించేది తలీలాగే. ఈసారి ఆమె చెయ్యదనుకున్నారు. చేసింది. కొండ మీద బలి కథ ఎత్తుకుంది. తండ్రికి దూది గడ్డం అంటించింది, పొట్టేలుకు కొబ్బరిపీచు కట్టింది. లోసీ మనవరాలు, తొమ్మిదేళ్ళ ఫెటూ చేత తల్లి వేషం కట్టించింది.

పాస్టరుగారు పరుగున వచ్చాడు. "తలీలాగీ, ఆ ఘట్టంలో తల్లి లేదమ్మా!"

"అదేనండీ నేనూ అంటున్నది."

"వాక్యానికి కలపకూడదు, తియ్యకూడదు. నీకు తెలియనిదా?"

"నేనేం మార్చను. కత్తి ఎత్తుతాడు, దేవదూత ఆపుతుంది, పొట్టేలు చస్తుంది. అన్నీ మీ ప్రకారమే. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒకావిడ నిలబడి ఉంటుంది, అంతే. ఇల్లన్నాక వాకిలి ఉండదా, వాకిట్లో మనిషి ఉండదా?"

"నీ దుఃఖాన్ని పిల్లల నోట్లో పెడుతున్నావు."

ఆ మాట తగిలింది. తలీలాగి పొట్టేలు వేషం కొబ్బరిపీచు ముడి బిగించింది. తర్వాత, "మీరు క్షమాపణను నా నోట్లో పెట్టారు కదా పాస్టరుగారూ. లెక్క సరిపోయింది" అంది.

ఆదివారం గుడి కిటకిటలాడింది. పొట్టేలు వేషం వేసినవాడు చావకముందే బిస్కట్టు తీసి తింటూ దొరికిపోయాడు, అందరూ నవ్వారు. దేవదూత మాట మరిచిపోయి ఏడిచింది. తండ్రీ కొడుకూ కొండ దిగి నడిచొస్తుంటే, ఫెటూ ఎదురొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది, అచ్చం తలీలాగిలాగే.

"అబ్బాయిని ఎక్కడికి తీసుకెళ్ళావు?"

దూది గడ్డం వాడు, "దేవుడు అడిగాడు" అన్నాడు.

"దేవుడు నిన్నడిగాడు. నువ్వు నన్నడిగావా?"

గుడిలో నవ్వు ఆగిపోయింది. ముందు వరసలో లోసీ తల వంచుకున్నాడు. పాస్టరుగారు గబగబా పాట అందుకున్నాడు గానీ, సగం మంది కలవలేదు. ఆ సాయంత్రానికి ఆ మాట రోడ్డెక్కి పక్క ఊరికీ వెళ్ళిపోయింది.

మర్నాడు సోమవారం, సెలవు. పదిగంటల వేళ ఒకడు ఆ రోడ్డు వెంటే నడిచి వచ్చాడు. ట్రక్కు లేదు, పెదనాన్న లేడు, వెంట ఒక్క పెద్దమనిషి లేడు. ముందిల్లు దాటి, వెనకింటికి వచ్చి, తలీలాగి వాకిట్లో గులకరాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. సెమో. కప్పుకోవడానికి చాప కూడా లేదు వాడికి.

తలీలాగి చూసింది. ఆకు చీలుస్తూనే ఉంది. పది పట్టీలు చీల్చింది. ఇరవై చీల్చింది. ఆకు అడ్డదిడ్డంగా తెగిపోతుంటే లేచి లోపలికెళ్ళింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరిపోయారు. కత్తి తెస్తుందేమోనని ఒకామె, నీళ్ళు తెస్తుందని ఇంకొకామె. ఆమె చాప తెచ్చింది. విప్పి, తన చేత్తో వాడి తల మీద కప్పింది.

"ఎందుకొచ్చావు?"

"తప్పు చేశానమ్మా" అన్నాడు చాప కింది నుంచి.

"ఎవరి విషయంలో? మూడు నెలలైంది. మీ పెదనాన్న వచ్చి 'ఆ సంగతి' అన్నాడు. మా తమ్ముడు 'జరిగింది' అన్నాడు. కోర్టులో 'మృతుడు' అన్నారు. వాడికి పేరుందిరా! పేరు చెప్పు!"

"ఎలీసాలా."

"గట్టిగా!"

"ఎలీసాలా!"

చెట్టు కింద ఎవరో ముక్కు చీదారు. తలీలాగి వాడి ముందు కూలబడింది. "వెంటనే పోయాడన్నారు. నొప్పి తెలియలేదన్నారు. అది నిజమా?"

చాప కింద గులకరాళ్ళు కదిలాయి.

"కాదమ్మా. అలా చెప్పమన్నారు. ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపు ఉన్నాడు."

"ఏమన్నాడు?"

"వద్దమ్మా."

"ఏమన్నాడురా!"

"ఆకు తడిసిపోతోంది, అమ్మ తిడుతుంది అన్నాడు. ఆ కట్ట తీసి ట్రక్కులో పెట్టమన్నాడు. పెట్టానమ్మా. తడవనివ్వలేదు."

తలీలాగి నోటి నుంచి వచ్చింది ఏడుపు కాదు. ఊళ్ళో అలాంటి కేక అంతకు ముందు ఎవరూ వినలేదు. రెండు పిడికిళ్ళతో చాప మీద కొట్టింది, వాడి వీపు మీద, భుజాల మీద. వాడు కదల్లేదు. కొట్టి కొట్టి అలిసిపోయి, చెయ్యి చాప మీదే ఉంచింది. వేళ్ళు ఎడమ మూలకు పోయాయి.

అప్పటికి లోసీ పరిగెత్తుకొచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, పెద్దరికం అంతా గాలికి పోయింది. "అక్కా! అయిపోయిన దాన్ని మళ్ళీ ఇదేమిటి! ఊరు చూస్తోంది. లే బాబూ, లే!" అంటూ వంగి చాప అంచు పట్టుకున్నాడు. తలీలాగి వాడి చేతి మీద ఫెడీమని కొట్టింది. చిన్నప్పుడు ముద్దలు దొంగిలిస్తే కొట్టినట్టే.

"నీకు అయిపోయింది. నాకివాళే మొదలైంది."

లోసీ వెనక్కి తగ్గాడు. ఎండ ముదిరింది. గులకరాళ్ళు కాలుతున్నాయి. చాప కింద నుంచి సెమో గొంతు సన్నగా వచ్చింది.

"అమ్మా, లేవమంటారా?"

మూడు నెలలుగా తమ్ముడు అడగలేదు, పాస్టరు అడగలేదు, జడ్జి అడగలేదు. అడిగినవాడు వీడు.

"వద్దు" అంది. "ఇంకా వద్దు."

"సరేనమ్మా" అన్నాడు వాడు.

ఆమె కూడా ఆ ఎండలో, వాడి ఎదురుగా ఆ గులకరాళ్ళ మీదే కూర్చుంది. లోసీ చొక్కా లేకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పూట ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.